పొద్దున దాటిన వాగు

అమ్మలూ,

వచ్చే ఆదివారం నువ్వు ఇంకో అయిదుగురిని వెంటేసుకుని కొండ మీది జలపాతానికి నడిచి వెళ్తున్నావని నిన్న రాత్రి వదిన ఫోన్ చేసి చెప్పింది. వినగానే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. ఒక్కదానివే వెళ్తే నీ రెండు కాళ్లు చూసుకుంటే సరిపోతుంది. దారి చూపించేదానివి నువ్వే అయినప్పుడు పన్నెండు కాళ్ల లెక్కా నీదే.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. వెళ్లిరా. కానీ ఇది మొత్తం చదివి వెళ్లు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు, అందుకే రాసి పంపుతున్నాను.

ముందు టైము సంగతి. దారి ఒకవైపు 7 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 500 మీటర్లు అని వదిన చెప్పింది. పోను రెండు గంటలు, రాను గంటన్నర అన్నావట. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, ఇప్పటికీ కొండలెక్కేవాళ్లు దాన్నే వాడతారు. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, ఆ పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దాని ప్రకారం చూసినా నీకు 2 గంటల 14 నిమిషాలు పడుతుంది. అదీ అలవాటున్న మనిషి, మంచి దారిలో, ఎక్కడా ఆగకుండా నడిస్తే. మీ ఆరుగురిలో నలుగురికి ఇదే మొదటిసారి. ఒకళ్లు లేసు కట్టుకోవడానికి ఆగుతారు, ఒకళ్లు నీళ్లు తాగడానికి ఆగుతారు, ఒకళ్లు ఫొటోకి ఆగుతారు. ఒక్కరు ఆగితే ఆరుగురూ ఆగినట్టే. కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకో. అంటే 3 గంటల 20 నిమిషాలు.

దిగడం ఎక్కినదాంట్లో సగం అనుకోవద్దు. తడి రాళ్లు, రాలిన ఆకులు, అప్పటికే వణికే మోకాళ్లు. కాలు మెలికపడేది ఎక్కువగా దిగేటప్పుడే. 2 గంటల 45 నిమిషాలు పెట్టుకో. జలపాతం దగ్గర గంటంపావు. మొత్తం 7 గంటల 20 నిమిషాలు, దానిమీద అనుకోని వాటికి ఒక గంట. పొద్దున 6.30కి మొదటి అడుగు పడితే మధ్యాహ్నం 3 లోపు కిందికి వస్తారు. 6.30 అంటే నడక మొదలుపెట్టే టైము. బండి దిగి బ్యాగులు సర్దుకునే టైము కాదు.

ఇంకో టైము ఇంట్లోనే కాగితం మీద రాసి, అయిదుగురికీ చదివి వినిపించు. 11 గంటలకి జలపాతం కళ్లకు కనబడకపోతే ఎక్కడున్నారో అక్కడి నుంచే వెనక్కి. చూసినా చూడకపోయినా, 11.30 తర్వాత ఎవరూ పైన ఉండకూడదు. కొండ మీద నిలబడి ఈ నిర్ణయం తీసుకుందామంటే కుదరదు. జలపాతం చప్పుడు చాలా దూరం నుంచే వినిపిస్తుంది. లోయ గోడలకు కొట్టుకుని ఆ చప్పుడు పక్కనే ఉన్నట్టు వస్తుంది. "ఇదిగో వచ్చేసింది, ఇంకో పావుగంట" అంటూ నాలుగు పావుగంటలు పోతాయి.

మధ్యాహ్నం అంటే నేనెందుకు అంత భయపడతానంటే, ఎండ ఎక్కేకొద్దీ కొండ వాలు వేడెక్కుతుంది, ఆ గాలి తేమను మోసుకుంటూ పైకి లేస్తుంది, పైన చల్లబడి మబ్బు కడుతుంది. పొద్దున నీలంగా కడిగినట్టున్న ఆకాశం మధ్యాహ్నం రెండింటికి ఉరుముతుంది. లోయలో చీకటి కూడా తొందరగా పడుతుంది. బయట సూర్యుడు ఇంకా ఉండగానే శిఖరం చాటుకు వెళ్లిపోతాడు, చెట్ల కింద అడుగు ఎక్కడ వేస్తున్నామో కనబడదు. చెయ్యి ముందుకు చాచి సూర్యుడికీ కొండ గీతకూ మధ్య వేళ్లు అడ్డంగా పెట్టి చూడు. ఒక్కో వేలు సుమారు పావుగంట. నాలుగు వేళ్లు పడితే ఇంకో గంట వెలుగు ఉందన్నమాట.

నీకు తెలిసినవే, ఒక్కో మాటలో చెప్పేస్తాను. అడవిలోకి అనుమతి కావాలేమో ముందే కనుక్కో. మ్యాపు ఇంట్లోనే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకో. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, డౌన్‌లోడ్ చేయని మ్యాపు పనిచేయదు. దారిలో ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు, లేకపోతే సిగ్నల్ వెతికీ వెతికీ బ్యాటరీ అయిపోతుంది. వాతావరణం చూసేటప్పుడు బండి ఆపే చోటుది కాదు, పైన వాగు పుట్టే కొండది చూడు. ముందు రెండు రోజులు అక్కడ వాన పడిందా అన్నదీ చూడు. నానిన కొండ ఇంకో చుక్క కూడా పీల్చుకోదు.

బూట్లు. ఇక్కడ నిన్ను తిట్టాలి. కొత్తవి కొన్నావట, ఆదివారం పొద్దున మొదటిసారి వేసుకుంటావట! కొత్త బూటు మడమ దగ్గర గట్టిగా ఉంటుంది. అడుగడుగుకీ మడమ అర సెంటీమీటరు పైకి లేచి దిగుతుంటుంది. చెమటకు చర్మం మెత్తబడుతుంది. నాలుగో కిలోమీటరుకి బొబ్బ లేస్తుంది, ఏడో కిలోమీటరుకి చితుకుతుంది, ఆ కాలితోనే మళ్లీ ఏడు కిలోమీటర్లు దిగాలి. ఈరోజు నుంచే ఇంట్లో, బజారుకి, మెట్ల మీద అవే వేసుకుని తిరుగు. ఆదివారం లోపు కనీసం 20 కిలోమీటర్లు వాటితో నడవకపోతే పాత బూట్లే వేసుకెళ్లు, వాటి అడుగున గాడులు ఇంకా అరగకుండా ఉంటే. వేలు పెట్టి చూడు, కనీసం 4 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. నున్నబడ్డ అడుగు తడి బండ మీద సబ్బుముక్కే. వేళ్లకూ బూటు ముక్కుకూ మధ్య బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. మేజోళ్లు నూలువి వద్దు, తడిస్తే ఆరవు. ఉన్నివో సింథటిక్‌వో వేసుకో, ఇంకో జత బ్యాగులో పెట్టుకో. నడుస్తుంటే ఎక్కడైనా వేడిగా చురుక్కుమంటే అప్పుడే ఆగి అక్కడ టేపు అంటించు. ఇంకాసేపు చూద్దాం అనుకుంటే అప్పటికే నీరు పట్టేస్తుంది.

బ్యాగు 20 నుంచి 25 లీటర్లది చాలు. లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, అన్నీ అందులో పెట్టి మూతి మెలిపెట్టు. బ్యాగుకు పైన వేసే కవరు వానను కొంత ఆపుతుందేమో, వాగులో పడితే ఆపదు. నీళ్లు మనిషికి గంటకు అర లీటరు చొప్పున లెక్క వేసుకో. 3 లీటర్లు మోసుకెళ్లండి, మిగతాది జలపాతం దగ్గర పట్టుకోవచ్చు, కానీ వడపోసి కాచకుండా తాగొద్దు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు. కాచే సరంజామా లేకపోతే క్లోరిన్ బిళ్లలు, వాటి ప్యాకెట్ మీద రాసినంతసేపు ఆగి తాగండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, కాబట్టి ఉప్పగా ఉండేది ఏదైనా తింటూ ఉండండి. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రెండు. అవి దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. వానకోటు, ఒక వెచ్చటి చొక్కా. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, ఒళ్లు తడిస్తే ఆ చలి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. తలకు కట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి. ఫోన్ లైటు లెక్కలోకి రాదు. రాళ్ల దారిలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక్కొక్కరి మెడలో ఒక విజిల్.

ఇక అసలు సంగతికి వస్తాను. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

జలపాతాలకు వెళ్లేవాళ్లు చేసే పాత తప్పు ఒకటుంది. ఎన్నేళ్లయినా ఎవరో ఒకరు మళ్లీ చేస్తూనే ఉంటారు. పొద్దున చీలమండ లోతు వాగు దాటతారు. నవ్వుకుంటూ, బూట్లు కూడా సరిగా తడవకుండా దాటతారు. పైకి వెళ్లి జలపాతం చూసి మధ్యాహ్నం అదే చోటికి వస్తారు. వాగు ఇప్పుడు మోకాలి లోతు ఉంది, రంగు మారింది. అవతలి గట్టున దారి కనబడుతోంది, దాని చివర బండి ఉంది, ఇల్లు ఉంది. "పొద్దున దాటిందేగా" అని ఒకళ్లు దిగుతారు. పొద్దున దాటిన వాగు కాదది. చోటు ఒకటే, నీళ్లు వేరు.

కొండవాగు ఎందుకలా పెరుగుతుందో అర్థమైతే నీకే భయం కలుగుతుంది, నేను పెట్టక్కర్లేదు. జలపాతం అంటేనే చుట్టూ ఉన్న కొండలన్నీ ఒక గరాటులా నీళ్లను ఒకే చోటికి పంపుతున్నాయని అర్థం. పైన రాయి ఎక్కువ, మట్టి తక్కువ, ఇంకేది కొంచెమే, జారేది ఎక్కువ. ఒక చదరపు కిలోమీటరు కొండ మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే అది 3 కోట్ల లీటర్ల నీళ్లు. మీ జలపాతం వెనక అలాంటి చదరపు కిలోమీటర్లు ఎన్నో ఉంటాయి. అందులో ఎక్కువ భాగం వచ్చి చేరేది మీరు దాటిన ఆ ఇరుకులోకే. పైగా ఆ వాన మీ నెత్తిన పడక్కర్లేదు. మీరు ఎండలో కూర్చుని తింటుంటే, శిఖరం అవతల మీకు కనబడని మబ్బు కురుస్తుంది.

లోతు పెరగడం ఒక్కటే కాదు, వడి పెరగడం అసలు ప్రమాదం. నీటి వేగం రెట్టింపయితే అది కాలిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. అందుకే వడిగా పారే జానెడు నీళ్లు కూడా ఎదిగిన మనిషిని పడేయగలవు. ఈత వచ్చు కదా అంటావేమో. రాళ్ల మధ్య పారే మోకాలి లోతు నీళ్లలో ఈత కొట్టడానికి చోటెక్కడిది?

కాబట్టి పొద్దున వాగు దాటేటప్పుడు రెండు నిమిషాలు ఆగు. గట్టు పక్కన కదలని పెద్ద బండ ఒకటి చూసుకో. నీళ్లు దాన్ని ఎక్కడ తాకుతున్నాయో దగ్గరికి వెళ్లి చూడు. నీటి గీతకు పైన పొడి రాయి ఏ రంగులో ఉంది, బీట ఏదైనా ఉందా, తెల్లటి చార ఉందా. నీటి అంచున పిడికెడంత రాయి ఒకటి పెట్టు, సగం తడిగా, సగం పొడిగా. ఫొటో తీసుకో, అందరికీ చూపించు. జలపాతం దగ్గరికి వెళ్లాక కూడా కూర్చునే చోట ఇలాగే ఒక రాయి పెట్టి, పావుగంటకోసారి చూడమని ఒకరికి అప్పగించు. రాయి మునిగిందంటే తింటున్నది వదిలేసి లేవాలి. నీళ్లు తేటగా ఉండి కాస్త మసకబారినా, పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, జలపాతం చప్పుడు హోరు నుంచి ఉరుములా బరువెక్కినా, ఎగువ నుంచి ఉన్నట్టుండి చల్లగాలి, మట్టి వాసన కొట్టినా ఆలోచించడానికి ఆగొద్దు. నీటికి దూరంగా కాదు, నీటికి పైకి వెళ్లండి. వాగు వెంట కిందికి పరిగెత్తితే వరద మిమ్మల్ని దాటి పోతుంది. పక్క వాలు ఎక్కండి.

దాటాల్సిన చోటికి వచ్చాక నీళ్లు పెరిగి ఉంటే, ఒక పుల్ల నీళ్లలో వేసి దాని పక్కన గట్టు మీద నడువు. నువ్వు మామూలుగా నడిచే నడకను అది దాటి పోతున్నా, నీళ్లు మోకాలికి పైన ఉన్నా, దాటడం లేదు. అంతే. అడుగున రాళ్లు దొర్లుతున్న దబ దబ చప్పుడు వినబడుతున్నా దాటడం లేదు. నీళ్లు బురదగా ఉండి అడుగు కనబడకపోయినా దాటడం లేదు. అయిదుగురూ నీ మొహం చూస్తారు. చీకటి పడుతుందంటారు, ఇంట్లో కంగారు పడతారంటారు. పడనీ. చిన్న కొండవాగు వాన ఆగాక తొందరగానే తీస్తుంది, చాలాసార్లు కొన్ని గంటల్లోనే. గట్టుకు ఎత్తుగా ఉన్న చోట, వెచ్చటి చొక్కాలు వేసుకుని, దగ్గర దగ్గరగా కూర్చోండి. ఆ టార్చీలు, పొడి మేజోళ్లు మోయించింది ఇందుకే. రాత్రంతా కూర్చోవలసి వచ్చినా కూర్చోండి. వదినకు నేను సర్దిచెబుతాను.

దాటగలిగినంతే ఉంటే, దాటే పద్ధతి ఉంది. సన్నగా ఉన్న చోటు చూడగానే కాళ్లు అటే లాగుతాయి, కానీ వాగు ఎక్కడ సన్నబడితే అక్కడ లోతూ వడీ ఎక్కువ. వెడల్పుగా పరుచుకున్న చోటు వెతుకు. దిగువకు చూడు. కాలు జారితే ఎక్కడికి కొట్టుకుపోతాం? ఇసుక మేటకా, పడిపోయిన చెట్టు కొమ్మల్లోకా, ఇంకో దుముకు మీదికా? రెండోదీ మూడోదీ అయితే చోటు మార్చు. జలపాతం అంచుకు ఎగువన ఎంత తక్కువ నీళ్లున్నా దాటొద్దు. బూట్లు విప్పొద్దు, ఉత్త కాళ్లకు రాళ్లు తగిలితే ఎగిరి పడతాం. బ్యాగు నడుం బెల్టు, ఛాతీ బెల్టు విప్పి ఉంచు, పడితే బ్యాగు వదిలేయగలగాలి. మొహం ఎగువకు పెట్టి, భుజం ఎత్తు కర్ర ముందు ఆనించి, పక్కకు పక్కకు జరుగు. కర్ర, రెండు కాళ్లు, మూడింట్లో ఒకటే కదలాలి, మిగతా రెండూ గట్టిగా ఆనాకే. మొదటిసారి వెళ్లేవాళ్లను ఇద్దరి మధ్యలో పెట్టి, ఒకరి బ్యాగు పట్టీ ఒకరు పట్టుకుని, బలమైన మనిషి ఎగువ వైపు ఉండి, అందరూ కలిసి కదలండి. నడుముకు తాడు మాత్రం కట్టుకోవద్దు. కొట్టుకుపోయే మనిషిని తాడు ఆపితే నీళ్లు మీదుగా తొక్కి కిందికి ముంచేస్తాయి.

జారిపడితే లేచి నిలబడబోకు. వడి నీళ్లలో పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ఒళ్లంతా ముందుకు వాలి మొహం మునుగుతుంది. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు పెట్టి, వేళ్లు నీళ్లపైకి కనబడేలా ఉంచి, చేతులతో ఏటవాలుగా గట్టు వైపు కొట్టుకుంటూ రా. నీళ్లు నెమ్మదించి, కూర్చుంటే అడుగు తగిలేంత లోతు వచ్చాకే లేవాలి.

ఏదైనా కొట్టుకుపోతే పోనీ. ఇది నీకే ప్రత్యేకంగా చెబుతున్నాను అమ్మలూ. నీకు ఆరేళ్లప్పుడు కాలవలో ఎర్ర చెప్పు ఒకటి పడిపోయింది గుర్తుందా? అది తేలుతూ పోతుంటే గట్టు మీద దాని వెంట పరిగెత్తావు, వెనక నుంచి ఎంత పిలిచినా ఆగలేదు. తూము దగ్గర నీ గౌను పట్టుకుని లాగితే, చెప్పు పోయిందని ఏడ్చావే కానీ నువ్వెక్కడి దాకా వెళ్లావో నీకు తెలియలేదు. ఇప్పుడు నీ చేతిలో ఉండేది ఫోన్. పట్టుకోబోయిన చెయ్యి వెనక ఒళ్లు కూడా వెళ్తుంది. ఫోన్, కర్ర, బ్యాగు, టోపీ, ఏది పోయినా చూస్తూ నిలబడు. ఆ అయిదుగురికీ ఈ మాట ముందే చెప్పు.

జలపాతం దగ్గర ఇంక మూడు చోట్లు గుర్తు పెట్టుకో. ఒకటి పై అంచు. అక్కడ నీళ్లు పిక్కలోతు కూడా ఉండవు, అద్దంలా నున్నగా జారుతుంటాయి, నెమ్మదిగా ఉన్నట్టే కనబడతాయి. పచ్చటి నాచు చూస్తే జాగ్రత్తపడతాం కానీ, తడిగా నల్లగా మెరిసే బండ మీది పలచటి పాచి కంటికి ఆనదు, కాలికే తెలుస్తుంది. తెలిసేటప్పటికి ఆపుకోవడానికి పట్టు ఉండదు. అంచుకు వెళ్లి ఫొటో దిగడం మీ పనుల పట్టీలోనే ఉండకూడదు.

రెండోది కింద గుండం. తెల్లటి నురగ ఉన్న మేర దిగొద్దు. నురగంటే సగం గాలి. గాలి కలిసిన నీళ్లు మనిషిని తేల్చలేవు, ఈత వచ్చినవాళ్లూ మునుగుతారు. పైనుంచి పడే ధార అడుగుకు తన్ని, మళ్లీ పైకి లేచి, తిరిగి ధార వైపే లాగుతుంది. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దూకగానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తుంది. ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లనే. అడుగున ఏ రాయి ఉందో కిందటి వారం దూకినవాళ్లకు తెలిసి ఉండొచ్చు, ఈ వారం అక్కడికి కొత్త రాయి వచ్చి ఉండొచ్చు. మూడు మీటర్ల ఎత్తు నుంచి దూకినా నీటిని తాకేటప్పటికి గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగం ఉంటుంది. దూకుళ్లు వద్దు. గుండం దాటి, నీళ్లు తేటగా పలచగా పరుచుకున్న చోట, అడుగు కనబడుతుంటే, మోకాలి లోతులో కూర్చోండి. ఆ ఆనందం చాలు.

మూడోది ధార కింద. నెత్తిన నీళ్లు పడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో నేను కాదనను. కానీ నీళ్లతోపాటు రాళ్లూ కొమ్మలూ కూడా పడతాయి, వాటికి చప్పుడు ఉండదు, ఆ హోరులో కలిసిపోతుంది. కూర్చునే ముందు కింద పడి ఉన్న రాళ్లు చూడు. కొత్తగా పగిలిన రాయి ముఖం లేత రంగులో, అంచు పదునుగా, నాచు అంటకుండా ఉంటుంది. అలాంటివి రెండు మూడు కనబడితే అక్కడ కూర్చోవద్దు.

ఆ హోరులో గొంతు వినబడదు కాబట్టి కిందే మాట అనుకోండి. ఒక విజిల్ అంటే ఆగు, రెండు అంటే నా దగ్గరికి రా. ఆపద అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. కొండల్లో ఈ ఆరు లెక్క చాలాచోట్ల తెలుసు. జవాబు నిమిషానికి మూడు.

మెరుపు కనబడగానే లెక్కపెట్టు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినబడితే పిడుగు అందేంత దగ్గరే. శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద, నీళ్లలో, లోతులేని బండ చరియ కింద ఉండొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలొద్దు. పాము సంగతి వదినకు భయం, నాకంత లేదు. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టకండి, దుంగ దాటేటప్పుడు ముందు దుంగ మీద కాలు పెట్టి అవతల చూసి దిగండి. కరిస్తే కోయొద్దు, నోటితో లాగొద్దు, బిగించి కట్టొద్దు. కరిచిన చేతినో కాలినో కదలకుండా పెట్టి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి. కాలు మెలికపడితే, నడవక తప్పదనుకుంటే బూటు విప్పొద్దు, వాచాక మళ్లీ ఎక్కదు. బూటు పైనుంచే కట్టు కట్టండి.

దారి తప్పితే వాగు వెంట దిగితే ఊరు వస్తుందని ఎవరో ఒకరు అంటారు. మైదానంలో నిజమేమో. కొండల్లో వాగు తనకు తోచిన చోట దూకేస్తుంది, అందుకే కదా మీరు చూడబోతున్నది జలపాతం. దాని వెంట దిగినవాళ్లు ఒక దుముకు దిగి, రెండోది దిగలేక, మొదటిది ఎక్కలేక మధ్యలో చిక్కుకుపోతారు. దారి పోయిందని అనుమానం వస్తే ఆగు. చివరిసారి దారి నిక్కచ్చిగా ఉన్న చోటికి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లు. అదీ దొరక్కపోతే కదలకుండా కూర్చుని విజిల్ ఊదండి. వెళ్లేటప్పుడే ప్రతి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూడు. తిరుగు దారి వచ్చిన దారిలా కనబడదు.

నడకలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టు, నువ్వు నమ్మదగ్గవాళ్లు ఒకరిని చివర పెట్టు. ముందు నడిచేవాళ్లు ఆగి వెనకవాళ్ల కోసం చూసి, వాళ్లు రాగానే మళ్లీ బయల్దేరితే, అలిసిన మనిషికే విశ్రాంతి దొరకదు. మాట్లాడుతూ నడవగలిగినంత నడకే మీ నడక. ఎవరైనా "మీరు వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటాను" అంటే ఒక్కళ్లనే వదలొద్దు. ఒకరు తోడు కూర్చోవాలి, లేదా ఆరుగురూ తిరగాలి. వెనక్కి తిరగడానికి నువ్వు సిగ్గుపడతావని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ మొదలుపెట్టింది వదలవు. అదే నాకు ముచ్చట, అదే నా దిగులు. తిరిగొస్తే ఎవరూ నిన్ను తక్కువ చేయరు. చేస్తే నా దగ్గరికి పంపు.

శనివారం రాత్రి పడుకునేలోపు నాకు ఒక కాగితం ఫొటో తీసి పంపు. ఆరుగురి పేర్లు, ఇళ్ల నంబర్లు, ఎవరికి ఏ జబ్బుంది, ఏ మందు పడదు, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారు, బండి నంబరు, ఎక్కడ ఆపుతారు. 3కి దిగుతామని రాయి. 5 దాటినా కబురు లేకపోతే ఎవరికి చెప్పాలో, అక్కడి అటవీ సిబ్బంది, పోలీసుల నంబర్లతో సహా రాయి. పంపాక దారి మార్చొద్దు. మారిస్తే మేము వెతికేది మీరు లేని కొండ మీద.

దిగగానే ముందు నాకు ఫోన్ చెయ్యి. తిండి, ఫొటోలు ఆ తర్వాత. రెండున్నర నుంచి ఫోన్ నా చేతిలోనే ఉంటుంది.

మీ బాబాయి

కాలి గోళ్లు శుక్రవారమే కత్తిరించుకో. దిగేటప్పుడు వేళ్లు బూటు ముక్కుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. మరీ లోపలికి కత్తిరించకు.